గిటార్ వాయించడం వచ్చేశాక

గిటార్ పట్టిన కొత్తల్లో ప్రతి వారం ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. వేళ్ల చివర్లు కాయలు కాస్తాయి. జి కార్డ్ నుంచి సి కార్డ్‌కి మారేటప్పుడు తడుముకోవడం తగ్గుతుంది (కార్డ్ అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం). మనం వాయించేది ఏ పాటో పక్కవాళ్లు గుర్తుపట్టడం మొదలుపెడతారు. ఆ హుషారులో కొన్నాళ్లు గడిచిపోతాయి. తర్వాత ఒక దశ వస్తుంది. కొత్త పాటలు వస్తాయి, కొత్త స్కేళ్లు, అంటే స్వరాల వరసలు, వస్తాయి, అయినా మన వాయింపు మాత్రం నిరుడు ఎలా ఉందో అలాగే ఉంటుంది. నేను ఆ దశలో చాలాకాలం ఉన్నాను. అందులోంచి ఎలా కదిలానో, ఏది పనికొచ్చిందో, దేనికి ఊరికే టైమ్ పోయిందో రాస్తున్నాను. ఇవాళే మొదలుపెట్టినవాళ్లకన్నా, పది కార్డ్‌లూ రెండు స్కేళ్లూ వచ్చి ఆగిపోయినవాళ్లకి ఇది ఎక్కువ ఉపయోగపడుతుంది.

ముందు ఎడమ చేతి సంగతి. దీని గురించి అందరూ చెబుతూనే ఉంటారు కాబట్టి రెండు ముక్కల్లో ముగిస్తాను. అందరినీ ఏడిపించే ఎఫ్ బార్ కార్డ్‌లో (చూపుడువేలిని తీగలన్నిటి మీదా అడ్డంగా పరిచి పట్టేది) ఆ వేలు ఆరు తీగలనీ సమానంగా నొక్కాలని అనుకుంటాం. అక్కర్లేదు. తీగల్లో అన్నిటికన్నా సన్నది ఒకటోది, లావుది ఆరోది. ఐదు, నాలుగు, మూడు తీగల మీద ఎలాగూ వేరే వేళ్లు ఉంటాయి. చూపుడువేలు పలికించాల్సింది ఆరో తీగ, రెండో తీగ, ఒకటో తీగ, అంతే. వేలిని కాస్త బొటనవేలి వైపుకి ఒరిగిస్తే మెత్తని భాగం పక్కకి పోయి ఎముక అంచు తగులుతుంది, స్వరం శుభ్రంగా వస్తుంది. అదే ఆకారాన్ని ఐదో ఫ్రెట్ (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర పెడితే ఎ మేజర్. అక్కడ సగం కష్టం కూడా ఉండదు, అందుకే ముందు అక్కడ అలవాటు చేసుకుని ఒక్కో ఫ్రెట్ కిందికి దిగడం మంచిది. నట్‌లో (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీలో) గాడులు లోతు సరిపోని గిటార్ అయితే మొదటి ఫ్రెట్ దగ్గర ఎవరికైనా చేయి నొప్పే. బాగుచేసేవాళ్లకి ఇచ్చి సరిచేయించుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది.

ఇంకో చిన్న పరీక్ష. ఏదో ఒక స్వరం నొక్కి మీటుతూ, వేలి పట్టు మెల్లగా వదులు చేస్తూ పోండి. ఒక చోట బర్రుమని మోగుతుంది. అక్కడి నుంచి పిసరంత ఎక్కువ నొక్కితే చాలు, తీగకి నిజంగా కావలసిన బలం అంతే. మనం మామూలుగా వాడేది దానికన్నా చాలా ఎక్కువ. వేలు ఫ్రెట్‌కి సరిగ్గా వెనకాల ఆనించి ఉంటే ఇంకా తక్కువ సరిపోతుంది. ఇది తెలిశాక స్పీడ్ కోసం విడిగా చేస్తున్న కసరత్తుల్లో చాలావరకు మానేశాను. పట్టు వదులైతే స్పీడ్ దానంతటదే కొంత పెరిగింది.

నా వాయింపు అసలు మారడం మొదలైంది శ్రుతి దగ్గర. గిటార్ తలకి తగిలించుకునే ట్యూనర్ అందరి దగ్గరా ఉంటుంది. పచ్చ లైటు వెలిగిందంటే పని అయిపోయినట్టే. దాన్ని పక్కనపెట్టి కొన్ని వారాలపాటు చెవితోనే శ్రుతి చేసుకోవాలని పట్టుబట్టాను. పద్ధతి పాతదే. ఆరో తీగ ఐదో ఫ్రెట్ దగ్గర పలికే స్వరం, ఖాళీగా మీటిన ఐదో తీగతో కలవాలి. అలాగే ఐదోది నాలుగోదానితో, నాలుగోది మూడోదానితో. మూడుకీ రెండుకీ మధ్య మాత్రం నాలుగో ఫ్రెట్, మళ్లీ రెండుకీ ఒకటికీ మధ్య ఐదో ఫ్రెట్. రెండు తీగలు దాదాపుగా కలిసినప్పుడు శబ్దం ఉయ్యాలూగినట్టు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఒకటి 110 హెర్ట్జ్ (సెకనుకి 110 కంపనాలు), ఇంకొకటి 112 హెర్ట్జ్ ఉంటే సెకనుకి రెండుసార్లు ఊగుతుంది. దగ్గరయ్యేకొద్దీ ఊపు నెమ్మదిస్తుంది. పూర్తిగా కలిస్తే ఆగిపోతుంది. మొదట్లో నాకు ఆ ఊపు వినిపించేదే కాదు. గిటార్ చెక్కకి దవడ ఆనించి విన్నాక మొదటిసారి దొరికింది. ఒకసారి దొరికాక ఇక వినకుండా ఉండటం కుదరదు.

ఆ ఉత్సాహంలో ఒక వింత ఎదురైంది. ఇ మేజర్ కార్డ్ మోగిస్తూ, మూడో తీగ ఇంకా కాస్త సవరిస్తే కార్డ్ మొత్తం కరిగిపోయినట్టు తియ్యగా అవుతుంది. భలే ఉందే అనుకుని వెంటనే జి మేజర్ వేస్తే, అది చెడిపోయి ఉంటుంది. జి ని బాగుచేస్తే ఇ పోతుంది. గిటార్‌లోనే లోపం ఉందేమోనని అనుమానం వచ్చింది. లోపం లెక్కలో ఉంది. ఫ్రెట్లని వరుసగా ఒకే నిష్పత్తిలో అమరుస్తారు. ఒక ఫ్రెట్ పైకి వెళ్తే కంపనాల సంఖ్య సుమారు 1.0595 రెట్లు అవుతుంది, పన్నెండు ఫ్రెట్లకి సరిగ్గా రెట్టింపు. ఏ కార్డ్ అయినా ఏ శ్రుతిలోనైనా వాయించుకోవడానికి చేసుకున్న సర్దుబాటు ఇది. అయితే మేజర్ కార్డ్‌లో చెవికి అత్యంత తియ్యగా వినిపించే గాంధారం (కార్డ్ మూడో స్వరం) నిష్పత్తి 5:4. గిటార్ ఫ్రెట్ ఇచ్చే గాంధారం దానికన్నా దాదాపు 14 సెంట్లు ఎక్కువ. ఒక ఫ్రెట్ దూరాన్ని వంద భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక సెంట్. ఇ మేజర్‌లో గాంధారం మూడో తీగ మీదే ఉంటుంది. దాన్ని ఆ కార్డ్ కోసం కిందికి దించితే, ఆ తీగకి వేరే పని ఉన్న ప్రతి కార్డ్‌లోనూ అది తక్కువై పలుకుతుంది. జి మేజర్‌లో అదే తీగ ఖాళీగా షడ్జమం, అంటే కార్డ్ ఆధార స్వరం, పలకాలి మరి.

కాబట్టి ఏ ఒక్క కార్డ్‌నీ మరీ తియ్యగా చేయకుండా వదిలేయడమే గిటార్ శ్రుతి. ఇది పుస్తకంలో చదివితే ఒక సమాచారం. ఊపు నెమ్మదించడం చెవితో పట్టుకుంటూ కనుక్కుంటే మాత్రం చెవి వేరే అయిపోతుంది. 14 సెంట్ల తేడా వినగలిగితే, మనం తీగ లాగి పలికించే స్వరం ఎంత తక్కువగా ఉందో కూడా వినిపిస్తుంది. అది సంతోషకరమైన విషయమేమీ కాదు. నా పాత రికార్డింగులు వినడం ఆ తర్వాత కష్టమైంది.

చెవి పని రెండో భాగం, విని పట్టుకోవడం. అప్పటిదాకా నేను ట్యాబ్‌లు చూసి నేర్చుకునేవాణ్ణి. ఏ తీగ, ఏ ఫ్రెట్ అని అంకెలు ఉంటాయి, వాయించేయొచ్చు. మనకి దొరికే మామూలు ట్యాబ్‌లో ఒక స్వరం ఎంతసేపు నిలవాలో, ఏది గట్టిగా ఏది మెత్తగా పడాలో, ఎక్కడ ఆపాలో ఉండదు. ఇవి లేకపోతే మిగిలేది ఫ్రెట్ నంబర్లే. అందుకని ట్యాబ్ చూడకుండా, నచ్చిన సోలోలోంచి (గిటార్ ఒక్కటే ముందుకొచ్చి వాయించే భాగంలోంచి) రెండే బార్లు (ఒక్కో బార్ అంటే నాలుగు బీట్లు, నాలుగు లయ దెబ్బలు) తీసుకుని పట్టుకోవాలని పెట్టుకున్నాను. శ్రుతి మారకుండా సగం స్పీడ్‌కి తగ్గించే సదుపాయం ఇప్పుడు ఫోన్‌లోనే ఉంది, వాడుకోవచ్చు, నామోషీ ఏం లేదు. నియమం ఒక్కటే: ముందు పాడాలి, తర్వాతే గిటార్ ముట్టుకోవాలి.

గొంతు బాగుందా లేదా అన్నది అనవసరం. పాడలేకపోయిన చోటు చెవి పట్టుకోని చోటు. నేను పాడుతుంటే ప్రతిసారీ మూడో బీట్ దగ్గర జారిపోయేది. వందల సార్లు విన్న సోలో అది, అక్కడ ఏముందో నాకు తెలుసుననే అనుకునేవాణ్ణి. సగం స్పీడ్‌లో విన్నాక తెలిసింది, అక్కడ ఒక స్వరం బీట్ మీద లేదు, బీట్‌కి కాస్త ముందే వచ్చి కూర్చుంది. ఆ సోలోకి ఉన్న కులుకంతా ఆ తొందరలోనే ఉంది. ఫ్రెట్ నంబర్ ఎంత కచ్చితంగా ఉన్నా అది దొరికేది కాదు.

ఇంకో ప్రశ్న కూడా అప్పుడే వస్తుంది. పియానోలో ఒక స్వరానికి ఒకటే మెట్టు. గిటార్‌లో ఒకటో తీగ ఖాళీగా మీటితే వచ్చే ఇ స్వరమే రెండో తీగ ఐదో ఫ్రెట్‌లో, మూడో తీగ తొమ్మిదో ఫ్రెట్‌లో, నాలుగో తీగ పద్నాలుగో ఫ్రెట్‌లో కూడా ఉంది. ఎత్తు ఒకటే, రంగు వేరు. ఖాళీ తీగ గంటలా మోగుతుంది, నాలుగో తీగ మీద అదే స్వరం లావుగా, మసకగా వస్తుంది. ఆ సోలో వాయించినవాడు ఏ తీగ మీద వాయించాడో వినికిడిని బట్టి ఊహించాల్సి వచ్చింది. చేతిలో ఉన్న ఇన్ని రంగుల్లో ఒక్కటే వాడుతున్నానని కూడా అలాగే అర్థమైంది.

జాజ్ గిటారిస్ట్ వెస్ మాంట్‌గమరీ, తనకి ముందరి గిటారిస్ట్ చార్లీ క్రిస్టియన్ సోలోలని రికార్డుల్లో విని అచ్చంగా నేర్చుకుని వాయించేవాడు. సంగీత లిపి చదవడం ఆయనకి రాదు. 1948లో లయనెల్ హాంప్టన్ జాజ్ బృందంలోకి వెళ్లేనాటికి ఆయన దగ్గరున్న చదువు చాలావరకు ఆ రికార్డులే. పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) కూడా వాడకుండా బొటనవేలితో మీటేవాడు. ఇక జాంగో రైన్‌హార్ట్ అనే ఇంకో జాజ్ గిటారిస్ట్ సంగతి చాలామందికి తెలిసిందే. 1928లో జరిగిన అగ్నిప్రమాదంలో ఎడమ చేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు దెబ్బతిన్నాయి, ఆ తర్వాత సోలోలన్నీ ముఖ్యంగా మిగిలిన రెండు వేళ్లతోనే. నా చిటికెన వేలు పొట్టిది, అందుకే రావట్లేదు అని ఎవరైనా అంటే నాకు ఆయనే గుర్తొస్తాడు. నేనూ అన్నవాణ్ణే లెండి.

లయ గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా సాధనలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. స్ట్రమ్మింగ్ ప్యాటర్న్‌లని (తీగలన్నిటినీ కలిపి కుడి చేత్తో కొట్టే వరసల్ని) మనం కింద, కింద, పైన, పైన, కింద, పైన అని బట్టీ పడతాం. అలా బట్టీ పట్టిన చేయి కొట్టాల్సినప్పుడు కదులుతుంది, కొట్టనప్పుడు ఆగుతుంది. ఆగిన ప్రతిచోటా లయ కుంటుతుంది. కుడి చేయి అసలు ఆగకూడదు. బీట్ మీద ఎప్పుడూ కిందికి, రెండు బీట్ల మధ్య ఎప్పుడూ పైకి, పాట అయ్యేదాకా అలా ఊగుతూనే ఉండాలి. పైన చెప్పిన ప్యాటర్న్‌లో మూడో బీట్ మీద చేయి కిందికి వెళ్తుంది కానీ తీగలని తాకదు, గాల్లో పోతుంది. తాకడం, తాకకపోవడం మాత్రమే మారతాయి, ఊపు మారదు. తీగలన్నిటినీ ఎడమ చేత్తో నొక్కకుండా ఊరికే ఆనించి, టక టకమనే చప్పుడుతో కొన్ని రోజులు ఇదొక్కటే చేశాను. కార్డ్ లేదు, పాట లేదు. ఇంట్లోవాళ్ల ఓపికకి కూడా పరీక్షే. కానీ ఆ తర్వాత కొత్త ప్యాటర్న్ ఏది విన్నా బట్టీ పట్టే అవసరం రాలేదు, ఎక్కడ తాకాలో వింటే చాలు.

టిక్ టిక్ మంటూ సమానంగా లయ చెప్పే యంత్రం మెట్రోనోమ్. దానికి 1815లో మెల్జెల్ అనే ఆయన పేటెంట్ తీసుకున్నాడు. అప్పటినుంచీ దాన్ని తిట్టుకోని విద్యార్థి ఉండడు. నాలుగు బీట్లకీ నాలుగు టిక్కులు పెట్టుకుంటే దాన్ని పట్టుకుని నడవడం అలవాటైపోతుంది, మన లోపల లయ ఉందో లేదో తెలియదు. అందుకని టిక్కులు తగ్గిస్తూ పోయాను. 120 టెంపోలో (నిమిషానికి 120 బీట్లు) వాయించాలంటే మెట్రోనోమ్‌ని 60కి పెట్టి, ఆ టిక్కులు రెండో బీట్, నాలుగో బీట్ అనుకోవాలి. మొదట్లో మనసు తిరగబడుతుంది, టిక్కు వినిపించగానే అదే ఒకటో బీట్ అంటుంది. అది కుదిరాక 30కి తగ్గించి, బార్‌కి ఒకటే టిక్కు. ఇక్కడ దొంగ దొరికిపోతాడు. టిక్కుకీ టిక్కుకీ మధ్య మనం ఎంత తొందరపడ్డామో మొహం మీదే చెబుతుంది. నేనైతే తేలికైన కార్డ్‌ల దగ్గర పరుగెత్తుతాను, కష్టమైన మార్పు ముందు కాళ్లీడుస్తాను. చాలామందిది ఇదే వరస అనుకుంటాను.

దీంతోపాటు ఫోన్‌లో రికార్డ్ చేసుకోవడం. వాయిస్తున్నప్పుడు సగం బుర్ర వేళ్ల మీద ఉంటుంది, వినేది మిగతా సగమే. రికార్డ్ చేసి వెంటనే వింటే వాయించినప్పటి ఫీల్ ఇంకా తలలో ఉండి అంతా బాగున్నట్టే ఉంటుంది. మర్నాడు వినడం మేలు. విన్నాక ఒకే ఒక్క విషయం రాసుకుని ఆ రోజు దాని మీదే పనిచేస్తాను. పది లోపాలు రాసుకుంటే ఒక్కటీ బాగుపడదు.

థియరీ సంగతికొస్తే, నేను ఆలస్యంగా వచ్చాను, వచ్చినందుకు బాధలేదు. ఐదు స్వరాల మైనర్ పెంటాటోనిక్ స్కేల్‌లో మొదటి బాక్స్ (ఒకే చోట వేళ్లు పెట్టే అమరిక) పట్టుకుని అందరూ గానుగెద్దులా అందులోనే తిరుగుతారు, నేనూ తిరిగాను. మేజర్ పెంటాటోనిక్ అంటే మోహనమే, మైనర్ పెంటాటోనిక్ అంటే శుద్ధ ధన్యాసి స్వరాలే అని తెలిసినప్పుడు ఒక మెలకువ వచ్చింది. ఆ రాగాలు విన్నవాళ్లకి వాటిల్లో ఏ స్వరం మీద నిలబడితే ఏ భావం వస్తుందో ఎంతో కొంత తెలుసు. గమకాలు లేకుండా గిటార్ మీద ఆ స్వరాలు వాయిస్తే రాగం అవదు, అది వేరే మాట. కానీ ఐదు స్వరాల్ని ఐదు ఫ్రెట్లుగా చూడటం మానేయడానికి నాకు అది సాయపడింది. ఇక తీగల మీద స్వరాల పేర్లు నేర్చుకోవడం విసుగు పని, దానికి దగ్గరదారి లేదు. బి-సి మధ్య, ఇ-ఎఫ్ మధ్య ఒకటే ఫ్రెట్ దూరం, మిగతావాటి మధ్య రెండు. రోజుకొక స్వరాన్ని తీసుకుని ఆరు తీగల మీదా వెతికితే అయిపోతుంది.

ఇదంతా ఒక ఎత్తు, మరొకరితో కలిసి వాయించడం ఒక ఎత్తు. ఒక్కడినే వాయిస్తున్నప్పుడు నేనే బేస్, నేనే డ్రమ్స్, నేనే అన్నీ. అందుకే ఆరు తీగలూ మోగించడం అలవాటు. బేస్ గిటార్, కీబోర్డ్ ఉన్న గుంపులో అదే చేస్తే అంతా బురద. అప్పటికే బేస్ వాయించేవాళ్లు రూట్ స్వరం (కార్డ్‌కి పేరిచ్చే ఆధార స్వరం) పట్టుకుని ఉంటారు, కీబోర్డ్ వాళ్ల కుడి చేయి మధ్యలో ఉంటుంది. కొంచెం తగ్గించు అన్న మాట మొదట్లో వాల్యూమ్ గురించి అనుకుని నాబ్ తిప్పేవాణ్ణి. వాళ్లు అంటున్నది స్వరాల సంఖ్య గురించి.

ఫ్రెడ్డీ గ్రీన్‌ని అప్పుడే శ్రద్ధగా విన్నాను. 1937లో కౌంట్ బేసీ జాజ్ బృందంలో చేరి 1987లో చనిపోయేదాకా అందులోనే రిథమ్ గిటార్ వాయించాడు. యాంప్లిఫయర్ లేని గిటార్, పక్కన అంతమంది ట్రంపెట్లూ శాక్సఫోన్లూ. ఆయన పట్టే కార్డ్‌లో గట్టిగా పలికేది చాలాసార్లు ఒకటో రెండో స్వరాలే. గిటార్ అని విడిగా వినపడదు, డ్రమ్స్‌తో కలిసిపోయి ఉంటుంది, అయినా తీసేస్తే బృందం నడక మారిపోతుంది.

రెండు స్వరాలతో కార్డ్ ఎలా వాయిస్తారో మీరే చూడొచ్చు, గిటార్ తీసుకోండి. డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి మేజర్ సెవెన్ అనే మూడు కార్డ్‌ల వరస జాజ్‌లో అడుగడుగునా వస్తుంది. పూర్తి కార్డ్‌లు వేస్తే చేయి అటూ ఇటూ గెంతాలి. ఇప్పుడు నాలుగో తీగ, మూడో తీగ మాత్రమే వాడదాం. డి మైనర్ సెవెన్‌కి నాలుగో తీగ మూడో ఫ్రెట్, మూడో తీగ ఐదో ఫ్రెట్. జి సెవెన్‌కి నాలుగో తీగ అక్కడే ఉంచి, మూడో తీగని నాలుగో ఫ్రెట్‌కి దించండి. సి మేజర్ సెవెన్‌కి మూడో తీగ అక్కడే ఉంచి, నాలుగో తీగని రెండో ఫ్రెట్‌కి దించండి. ఒక్కో మార్పుకి ఒక్కో వేలు, ఒక్కో ఫ్రెట్ కిందికి. ఈ రెండు తీగల మీద ఉన్నవి ఆ కార్డ్‌ల మూడో స్వరం, ఏడో స్వరం. కార్డ్ మేజరా మైనరా, ఎటు లాగుతోంది అని చెప్పేవి అవే. రూట్ బేస్ దగ్గర ఉంది, ఐదో స్వరం లేకపోయినా ఎవరూ అడగరు. నేను ఈ రెండు తీగలతో మొదటిసారి వాయించిన రోజు బృందంలో ఎవరూ నన్ను తగ్గించమనలేదు. పైగా పాట మధ్యలో కీబోర్డ్ వాయించేవాళ్లు నా వైపు తిరిగి చూసి వాళ్ల స్వరాలు కూడా పలచన చేశారు.

చేతి నొప్పి గురించి ఒక మాట. వేళ్ల చివర్ల మంట వేరు, మణికట్టులోనో ముంజేతిలోనో వచ్చే నొప్పి వేరు. మొదటిది తగ్గిపోతుంది. రెండోది వస్తే పట్టుదలకి పోకుండా ఆపి విశ్రాంతి ఇవ్వాలి, తగ్గకపోతే డాక్టర్‌కి చూపించాలి. వాయించని రోజుల్లో కూడా విని పాడటం, స్వరాలు గుర్తుపట్టడం ఆగనక్కర్లేదు. గిటార్‌లు, పెడల్స్ మార్చడం గురించి నేనేమీ రాయను. కొత్త తీగలు వేయడం, పన్నెండో ఫ్రెట్ దగ్గర శ్రుతి సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం, ఈ రెండూ చేశాక కూడా గిటార్ మార్చాలనిపిస్తే అప్పుడు ఆలోచించుకోవచ్చు.

ప్రస్తుతం నా సాధన బెండ్‌ల మీద, అంటే తీగని లాగి స్వరం పెంచడం మీద, నడుస్తోంది. రెండో తీగ ఐదో ఫ్రెట్ నొక్కి ఉంచి, మూడో తీగని ఏడో ఫ్రెట్ దగ్గర పట్టుకుని పైకి లాగుతాను. రెండూ ఒకే ఇ స్వరం మీద కలవాలి. లాగుతున్నంతసేపూ ఊపు వినిపిస్తూ, మెల్లమెల్లగా నెమ్మదించి ఆగాలి. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలు మూడూ కలిపి, మణికట్టు తిప్పుతూ లాగితే బాగా వస్తోంది, ఒక్క వేలితో లాగితే ఎప్పుడూ కొద్దిగా తక్కువే. వైబ్రాటో, అంటే స్వరాన్ని మెల్లగా ఊపడం, దాని పైన రావాలి. వైబ్రాటో వేసినప్పుడు స్వరం పైకి వెళ్లి మళ్లీ అదే ఎత్తుకి దిగాలి, నాది ఇంకా దానికి కింద దాకా జారిపోతోంది. మెట్రోనోమ్ పెట్టి, బీట్‌కి రెండు ఊపుల చొప్పున, చాలా నెమ్మదిగా చేస్తున్నాను.